శనివారానికి జరిగిన పండగలు

(డాలస్ దగ్గర తెలుగువారి నెలవారీ సభలో ఒక మిత్రుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. పెద్దలున్నారు, నాకంటే బాగా మాట్లాడగలిగినవాళ్లున్నారు. అయినా నన్ను నిలబెట్టారు. ముందొక ప్రశ్న అడుగుతాను. ఈ సభ శనివారమే ఎందుకు పెట్టారు? నవ్వుతున్నారు. మరెప్పుడు పెడతారండీ అంటారు, అంతేగా! నిజమే. ఈ దేశంలో మనకి బారసాల శనివారం, సత్యనారాయణ వ్రతం శనివారం, ఉగాది శనివారం, వినాయకుడి నిమజ్జనం శనివారం. ఎవరైనా పోతే సంతాప సభ కూడా శనివారమే. హాలు దొరక్కపోతే ఆదివారం. ఇవాళ నేను మాట్లాడబోయేది దీని గురించే. మన పండగలు, మన తిథులు, మన ఇంటి పెద్దలు, వీళ్లందరూ శనివారానికి ఎలా సర్దుకున్నారు, ఎవరు సర్దుకోలేదు అని.

మా నాయనమ్మది తెనాలి పక్కన పల్లెటూరు. ఆవిడకి తేదీలు తెలీవు. "నువ్వు ఎప్పుడు పుట్టావే" అని మా అత్తయ్యని ఎవరైనా అడిగితే నాయనమ్మే అందుకునేది. "రోహిణి కార్తె ఎండల్లో, ఏరువాకకి పదిరోజుల ముందు" అనేది. స్కూల్లో చేర్చేటప్పుడు మేష్టారు తన ఇష్టమొచ్చిన తేదీ వేసుకున్నారు. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్లలో ఎంతమందికి జూన్ నెలలో పుట్టినరోజు? అదిగో, చేతులు లేస్తున్నాయి. మీరందరూ జూన్‌లో పుట్టలేదండీ, బడులు జూన్‌లో తెరిచారు. అంతే.

నాయనమ్మ బుర్రలో కాలం చంద్రుడితో, వానతో నడిచేది. నేను తొంభైల్లో ఈ దేశానికి వచ్చాను. వచ్చిన తరవాత నా కాలం పే స్టబ్‌తో నడవడం మొదలైంది. రెండు వారాలకొక జీతం, ఏడాదికింత సెలవు. పౌర్ణమి ఎప్పుడో ఎవడికి కావాలి?

కానీ ఇంట్లో ఫ్రిజ్ మీద మాత్రం ఏలూరు వేంకట్రామా వాళ్ల క్యాలెండర్ ఉండేది. ఇప్పటికీ ఉంది. జనవరిలో ఇండియా నుంచి ఎవరొస్తున్నా మా ఆవిడ ముందు అడిగేది అదే. ఆవకాయ తరవాత సంగతి. చాలా ఇళ్లలో అంతే కదా? అయితే అందులో ఉండే టైములు ఎక్కడివండీ? మన దేశానివి. ఆ రాహుకాలం ఇక్కడ ఎలా పనిచేస్తుంది?

నా స్నేహితుడొకడున్నాడు, ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పను, ముందే మాట తీసుకున్నాడు. జూన్ నెలలో ఒక శనివారం కారు కొనడానికి వెళ్లాడు. వాళ్లమ్మ ఫోన్‌లో "ఒరేయ్, తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం, సంతకం పెట్టకు" అంది. అసలు శనివారం ఇనుము కొనకూడదు, ఆ సంగతి ఆవిడకి గుర్తు రాలేదు, వీడు గుర్తు చెయ్యలేదు! సరే, కాగితాలన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. సేల్స్‌మన్ పెన్ను ఇచ్చాడు. వీడు గడియారం చూస్తాడు, కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఏమీ మాట్లాడడు. సేల్స్‌మన్‌కి టెన్షన్ పట్టుకుంది. లోపలికెళ్లి మేనేజర్‌తో మాట్లాడి వచ్చి ఐదొందలు తగ్గించాడు. వీడు ఇంకా గడియారమే చూస్తున్నాడు. ఫ్లోర్ మ్యాట్లు ఉచితం అన్నాడు. పదిన్నర దాటింది, వీడు చటుక్కున సంతకం పెట్టాడు. ఇంత మొండి బేరగాణ్ణి నా సర్వీసులో చూడలేదన్నాడట సేల్స్‌మన్.

ఇందులో అసలు కథ ఇంకా ఉంది. రాహుకాలం అంటే ఏమిటి? సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేస్తే అందులో ఒక భాగం. శనివారానికి మూడో భాగం. పొద్దున ఆరింటికి సూర్యుడు వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతాడనుకుంటే తొమ్మిది నుంచి పదిన్నర. జూన్‌లో డాలస్‌లో సూర్యుడు ఎప్పుడు వెళ్తాడు? రాత్రి ఎనిమిదిన్నరకి కూడా వెలుతురే. పగలే పద్నాలుగు గంటల పైన. ఎనిమిదో వంతు అంటే దగ్గర దగ్గర గంటా ముప్పావు. ఆ లెక్కన మూడో భాగం ఎప్పుడు మొదలవుతుంది? పది కావస్తుండగా. మనవాడు సంతకం పెట్టింది నట్టనడి రాహుకాలంలో! కారు మాత్రం రెండు లక్షల మైళ్లు తిరిగింది. ఏ లెక్కా తప్పలేదనుకోండి, తెనాలి రాహువు వేరు, టెక్సాస్ రాహువు వేరు.

తిథి మాత్రం అలా కాదు. ఇది కాస్త జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా పిల్లలు. తిథి అంటే సూర్యుడి నుంచి చంద్రుడు ఎన్ని డిగ్రీలు దూరం జరిగాడో చెప్పే లెక్క. పన్నెండు డిగ్రీలకొక తిథి. అమావాస్య అయిపోయే క్షణం తెనాలికీ డాలస్‌కీ ఒక్కటే. మన గోడమీద గడియారాలే వేరు. 2024 ఏప్రిల్ 8న ఇక్కడ డాలస్‌లో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది, గుర్తుందిగా? పొద్దున్నంతా మబ్బులు. మధ్యాహ్నం ఒకటిన్నర దాటాక మబ్బు విడిపోయి నాలుగు నిమిషాలకి కాస్త తక్కువగా చీకటి పడింది. వీధి దీపాలు వెలిగాయి. పిట్టలు అరుపు మానేశాయి. మా పక్కింటి అమెరికన్ ముసలాయన కుర్చీలోంచి లేచి టోపీ తీసేశాడు. మా అత్తగారు మాత్రం బయటికి రాలేదు. ఊరగాయ జాడీల మీద, పెరుగు గిన్నె మీద దర్భలు వేసి, తలుపేసుకుని జపం చేసుకున్నారు. గుడి కూడా మూసేశారు, సంప్రోక్షణ అయ్యాకే తెరిచారు. ఆ ఒంటిగంట ప్రాంతంలోనే అమావాస్య పోయి పాడ్యమి వచ్చింది. మర్నాడు ఉగాది. అంటే ఏమిటన్నమాట? పాత సంవత్సరం వెళ్లిపోవడం మన పిల్లలు నల్లకళ్లజోళ్లు పెట్టుకుని కళ్లారా చూశారు. పంచాంగ శ్రవణం ఇంతకంటే ఎవరు చెప్పగలరు?

ఆ పై ఏడాది, 2025లో ఇంకో తమాషా జరిగింది. మార్చి 29, శనివారం. తెల్లారి ఆరింటికల్లా ఇక్కడ అమావాస్య వెళ్లిపోయింది. సూర్యోదయం ఏడు దాటాక. సూర్యోదయానికి పాడ్యమి ఉంది. అంటే డాలస్‌లో ఉగాది ఆ రోజే. శనివారమే! మనం అడగకుండానే తిథి తనంతట తాను శనివారానికి వచ్చి కూర్చుంది. ఇండియాలో అదే అమావాస్య శనివారం సాయంత్రం దాకా ఉంది కాబట్టి వాళ్లకి ఆదివారం. మరి మనవాళ్లు ఏం చేశారు? మా కాలనీలో సగం ఇళ్లలో ఇండియా క్యాలెండర్ చూసి ఆదివారం పచ్చడి చేశారు. సంఘం వాళ్ల ఉగాది మాత్రం ఏప్రిల్‌లో, హాలు దొరికిన శనివారం. కమిటీవాళ్లని తప్పుపట్టడం లేదండోయ్! స్కూల్ ఆడిటోరియం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ నవ్వు రాదా మీకు?

బతుకమ్మ కూడా అంతే. తొమ్మిది రోజుల పండగ ఒక్క శనివారం మధ్యాహ్నానికి సర్దుకుంది. తంగేడు దొరకదు, గునుగు దొరకదు, కాస్ట్‌కోలో చామంతులు కొంటారు. చెరువులో వెయ్యనివ్వరు కాబట్టి పిల్లలు ఆడుకునే గాలి తొట్టి నీళ్లతో నింపి అందులో వేస్తారు. అయినా ఆ ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడుతుంటే కరీంనగర్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కళ్లొత్తుకోవడం చూశాను. తొట్టి ఆవిడకి అడ్డం రాలేదు.

తిథితో సర్దుబాటు చేసుకోలేని రోజొకటి చెబుతాను. 2024లో దీపావళి ఇక్కడ అక్టోబరు 31న వచ్చింది. ఇక్కడి పిల్లలు వేషాలేసుకుని చాక్లెట్ల కోసం ఇల్లిల్లూ తిరిగే హాలోవీన్ కూడా అదే రోజు. మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. సాయంత్రం గుమ్మంలో ముగ్గేసి, ద్వారబంధానికి తోరణం కట్టి, ప్రమిదలు వరసగా పెట్టింది. లక్ష్మీదేవి వచ్చే వేళ కదా, తలుపు బార్లా తీసింది. ఎదురుగా ముగ్గు మీద ఎవరున్నారు? ఎముకల గూడు. వెనక ఒక రక్తపిశాచి, ఆ వెనక తోక ఈడ్చుకుంటూ ఒక బుల్లి డైనోసార్. "ఇదేమిట్రా, అమ్మవారు వచ్చే వేళకి దెయ్యాలు తయారయ్యాయి" అని అమ్మ గాభరాగా పిలిచింది. నేను చాక్లెట్ల గిన్నె ఇచ్చాను. గంటసేపట్లో ఆవిడ ఎంత ఆరితేరిపోయిందంటే, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి రమ్మని సైగ చేసి, ఒక్కొక్కడికీ రెండు చాక్లెట్లు వేసి, చిన్నపిల్లలైతే గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంటోంది. ఎముకల గూడు తిరిగి మూడోసారి వచ్చాడు. అమ్మ గుర్తుపట్టింది, అయినా ఇచ్చింది. "వచ్చినవాణ్ణి ఆ రోజు వట్టి చేతులతో పంపకూడదు" అంది. పూజ మాత్రం చాక్లెట్లు అయిపోయి, వీధి గుమ్మం దీపం ఆర్పాకే మొదలుపెట్టాం.

ఇప్పుడు అమెరికావాళ్ల దగ్గరికి వద్దాం. మనమే పండగల్ని జరుపుకున్నామా, అంటే వెనక్కీ ముందుకీ జరుపుకున్నామా? వీళ్లు మనకంటే ముందే చేశారు. జార్జి వాషింగ్టన్ పుట్టినరోజు ఎప్పుడు? ఫిబ్రవరి 22 అని బళ్లో చెబుతారు. నిజానికి ఆయన పుట్టినప్పుడు వాళ్లింట్లో రాసుకున్నది ఫిబ్రవరి 11. 1752లో ఇంగ్లాండు, దాని వలస దేశాలు పాత క్యాలెండర్ వదిలి కొత్తది తీసుకున్నాయి, పదకొండు రోజులు ఎగిరిపోయాయి. సెప్టెంబరు 2 తరవాత సెప్టెంబరు 14. అలా ఆయన పుట్టినరోజు 22 అయింది. తరవాత 1968లో కాంగ్రెస్ ఒక చట్టం చేసింది, 1971 నుంచి అమలు. కొన్ని సెలవుల్ని సోమవారానికి జరపాలి, జనానికి మూడు రోజులు కలిసిరావాలి. ఫిబ్రవరి మూడో సోమవారం ఎంత తన్నుకున్నా 15కీ 21కీ మధ్యే వస్తుంది. అంటే వాషింగ్టన్ పుట్టినరోజు సెలవు ఆయన పుట్టినరోజున ఎన్నటికీ రాదు! ఆ సెలవుకి డిస్కౌంట్లు పెట్టే పరుపుల షాపుల వాళ్లకి మాత్రం ఏ లోటూ లేదు.

థాంక్స్‌గివింగ్ సంగతి ఇంకా బాగుంటుంది. పూర్వం నవంబరు ఆఖరి గురువారం చేసుకునేవారు. 1939లో నవంబరుకి ఐదు గురువారాలు వచ్చాయి. ఆఖరిది 30. క్రిస్మస్ కొనుగోళ్లకి రోజులు తక్కువైపోతాయని వ్యాపారులు మొత్తుకుంటే ప్రెసిడెంట్ రూజ్వెల్ట్ పండగని వారం ముందుకి, 23కి జరిపాడు. దేశం రెండుగా చీలింది. కొన్ని రాష్ట్రాలు 23 అన్నాయి, కొన్ని 30 అన్నాయి. మన టెక్సాస్ ఏం చేసిందో తెలుసా? రెండు రోజులూ సెలవిచ్చింది! చివరికి 1941లో కాంగ్రెస్ నాలుగో గురువారం అని ఖాయం చేసింది. ప్రతి ఏడూ మన వాట్సాప్ గ్రూపుల్లో "పండగ ఇవాళా రేపా, ఆ సిద్ధాంతి గారు ఇలా అన్నారు, ఈ సిద్ధాంతి గారు అలా అన్నారు" అని కొట్టుకుంటాం చూడండి, మనమొక్కళ్లమే ఇలా అని సిగ్గుపడక్కర్లేదు.

మా వెనకింటాయన ఒంగోలు మనిషి, బాప్టిస్టు. ఒకసారి ఆయన నవ్వుతూ అన్నాడు, "మీరేదో మీకే చంద్రుడున్నట్టు మాట్లాడతారు, మా ఈస్టర్ ఎలా వస్తుందనుకున్నారు?" అని. మార్చి 21నాడు గానీ ఆ తరవాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి, అది వెళ్లాక వచ్చే ఆదివారం. చంద్రుడూ ఉన్నాడు, వారమూ ఉంది. అవతలి వీధిలో హైదరాబాదు పాతబస్తీ కుటుంబం రంజాన్ నెలవంక కోసం ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. అన్నట్టు, ఆ ఒంగోలాయన ముత్తాత 1878లో గుండ్లకమ్మలో బాప్తిస్మం పుచ్చుకున్నవారిలో ఒకడట. జాన్ క్లౌ అనే అమెరికన్ మిషనరీ హయాంలో జులై 3న ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆ ముందు కరువులో జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలవలో కొంత భాగం తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకున్నది ఆ క్లౌ దొరే. అమెరికా నుంచి మనూరికి మతం వెళ్లి, నూట ఇరవై ఏళ్ల తరవాత ఆ మతం తెలుగు కీర్తనలు పాడుకుంటూ వీసా తీసుకుని అమెరికా వచ్చింది. వాళ్ల తెలుగు ఆరాధన ఎప్పుడో చెప్పమంటారా? ఆదివారం మధ్యాహ్నం, ఇంగ్లిషు సంఘం వాళ్లు హాలు ఖాళీ చేశాక!

సరే, నవ్వుకున్నాం. ఇప్పుడు నేను ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో చెబుతాను.

మా నాన్న తెనాలిలో పోయారు. జనవరి నెల. నేను ఆఫీసునుంచి బయలుదేరి కారు దగ్గరికి వెళ్తున్నాను, తమ్ముడి ఫోన్ వచ్చింది. "అన్నయ్యా, నాన్న వెళ్లిపోయారు, తెల్లవారుజామున నాలుగున్నరకి." అక్కడ గురువారం. నా చేతిలో గడియారం బుధవారం సాయంత్రం ఐదు చూపిస్తోంది. మర్నాడు ఆఫీసులో సెలవుకి ఒక ఫారం నింపమన్నారు. పోయినవారి పేరు, బంధుత్వం, పోయిన తేదీ. ఏ తేదీ రాయను చెప్పండి? నాకు తెలిసిన బుధవారమా, తమ్ముడు చూసిన గురువారమా? విమానంలో మన ఊరు చేరడానికే ఒక రోజు పడుతుంది, వాళ్లిచ్చేది మూడు రోజులు. ఇలాంటి సెలవు ఇవ్వాలని ఈ దేశంలో కేంద్ర చట్టమేదీ లేదు, ఇచ్చిందే గొప్ప. పన్నెండో రోజు దాకా ఉండాలని మా మేనేజర్‌కి ఎలా చెప్పాలో తెలీక, ఉన్నదున్నట్టు చెప్పేశాను. మిగతా రోజులు జీతం లేకుండా తీసుకోమంది. కాదనలేదు.

తిరిగొచ్చాక గుళ్లో పంతులుగారిని అడిగాను, ఏటా ఏ రోజు పెట్టుకోమంటారని. ఆయన లెక్క చూసి "పుష్య బహుళ ఏకాదశి. అక్కడా ఏకాదశే, ఇక్కడా ఏకాదశే" అన్నారు. తేదీల్లో నేనూ మా తమ్ముడూ ఒకరోజు ఎడంగా ఉన్నాం. తిథిలో ఇద్దరం ఒకేచోట ఉన్నాం. అప్పటిదాకా పంచాంగం నాకు గోడ మీద కాగితం. ఆ రోజు నుంచి కాదు. సూర్యోదయపు తిథి కాదు, అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటాక, ఉన్న తిథి చూడాలన్నారు పంతులుగారు. అందుకని ఒక్కో ఏడు మాకు ముందురోజు వస్తుంది, తమ్ముడికి మర్నాడు. "మీకు ఇవాళేనా, మాకు రేపు" అని ఫోన్‌లో అనుకుంటాం.

ఆ రోజుని నేను శనివారానికి జరపలేదు. మంగళవారం వస్తే మంగళవారమే. సెలవు పెడతాను. గుళ్లో స్వయంపాకం ఇస్తాను, బియ్యం, పప్పు, కూరలు, అరటికాయ తప్పనిసరి, ఆయనకి ఇష్టం. ఎందుకు సెలవని మా మేనేజర్ అడిగితే చెప్పాను. ఆవిడ టెక్సాస్ మనిషే, వాళ్ల నాన్న సైన్యంలో పనిచేశాడట. అప్పుడు ఆవిడ చెప్పింది నాకు. ఆ సోమవారాల చట్టంలో నవంబరు 11, వెటరన్స్ డే, అంటే మాజీ సైనికుల రోజు కూడా ఉంది. 1918లో మొదటి ప్రపంచయుద్ధం ఆగిన రోజు. దాన్ని అక్టోబరు నాలుగో సోమవారానికి జరిపారు. సైనికులు, వాళ్ల కుటుంబాలు ఒప్పుకోలేదు. వాళ్ల నాన్న ఆ సోమవారం జెండా బయటికి తియ్యకుండా, నవంబరు 11నే ఎగరేసేవాడట. చాలా రాష్ట్రాలు కూడా పాత తేదీకే కట్టుబడ్డాయి. చివరికి 1975లో చట్టం మార్చి, 1978 నుంచి మళ్లీ 11కే తెచ్చారు. వాషింగ్టన్‌ని వదిలేశారు కానీ ఆ రోజుని మాత్రం వదల్లేదు.

కాబట్టి కమిటీవారికి నా మనవి ఏమిటంటే, శనివారం ఉగాది చెయ్యండి, నేనొచ్చి కుర్చీలు వేస్తాను. పిల్లల డ్యాన్సులు, బిరియానీ, అన్నీ ఉండనివ్వండి. ఆహ్వానం మీద మాత్రం అసలు తిథి ఏ రోజో, డాలస్ లెక్కన, ఒక వరస రాయండి. ఆ రోజు పొద్దున ఆఫీసుకెళ్లే ముందు చెంచాడు పచ్చడి నాలుక మీద వేసుకునేవాడు వేసుకుంటాడు. వేపపువ్వు దొరకలేదని మాత్రం అనకండి, ఇండియన్ స్టోరులో ఎండుది ఏడాది పొడుగునా ఉంటుంది.

మా అమ్మాయి వేరే ఊళ్లో కాలేజీలో ఉంది. తాతగారి తిథి తన ఫోన్‌లో పెట్టుకుందామని చూసింది. ఏటా ఒకే తేదీన గుర్తుచెయ్యమంటే చేస్తుంది, పుష్య బహుళ ఏకాదశికి గుర్తుచెయ్యమంటే దానికి తెలీదు. పంతులుగారికి తనే ఫోన్ చేసి, రాబోయే ఏళ్ల తేదీలు అడిగి, ఒక్కొక్కటీ టైపు చేసుకుంది. నాకు పంపింది, నేను తమ్ముడికి పంపాను. వాడు చూసి "రెండు చోట్ల ఒకరోజు తేడా ఉంది, ఇది డాలస్‌దా మనదా" అని అడిగాడు. అమ్మాయి ఇప్పుడు తెనాలికి వేరే జాబితా చేస్తోంది.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. రాహుకాలం గురించైతే నన్ను కాదు, కారు కొన్న మావాణ్ణి అడగండి. నమస్కారం.